రెండో గుండీ కింద టాకా

బస్సు డిపో, మేడమీద వేళల గది
ఉద్యోగంలో తొమ్మిదో రోజు

మావయ్యా,

ఫోన్ చేస్తే నువ్వు నాలుగు మాటలు ఒకేసారి మాట్లాడతావు, వెనక నుంచి అత్తయ్య ఐదోది అందుకుంటుంది, చివరికి నాకు ఒక్కటీ మిగలదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. జవాబు కూడా ఉత్తరంలోనే ఇవ్వు.

ఉద్యోగం బాగుంది. మర్యాదకి అనే బాగుంది కాదు, నిజంగానే బాగుంది. మేడమీద ఒక గది, ఒక కిటికీ, కింద డిపో ఆవరణంతా కనిపిస్తుంది. గోడ నిండా కాగితం పట్టీలు, ఒక్కో పట్టీ ఒక్కో బస్సు. ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరాలి, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, తిరిగొచ్చి ఏ గేటులో నిలబడాలి, అన్నీ మేమే రాస్తాం. మేం అంటే నేనూ, మా సూపరింటెండెంటు గారూ. పద్నాలుగో నంబరు బస్సు రోజూ ఆరు నిమిషాలు ఆలస్యమట. పన్నెండేళ్ళుగా అందరూ ఆ డ్రైవర్లని తిడుతున్నారట. నేను మూడు రోజులు ఆ బస్సులోనే కూర్చుని చూశాను. దారిలో ఒక బడి ఉంది. పిల్లలు రోడ్డు దాటడానికి పట్టే సమయం పట్టికలో ఎవరూ వేయలేదు. నేను వేశాను. సూపరింటెండెంటు గారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు. తర్వాత నాకూ ఒక టీ తెప్పించారు.

తొంభై రోజులు చూసి ఖాయం చేస్తారు, లేదంటే పంపించేస్తారు. ఇంకా ఎనభై ఒక్క రోజులున్నాయి. ఈ ఉద్యోగం నాకు కావాలి మావయ్యా. ఇంతవరకూ దేన్నీ ఇంతగా కావాలనుకోలేదు.

ఇక చొక్కా సంగతి. ఇక్కడ అందరికీ ఖాకీ యూనిఫారం. పట్టికలు రాసేవాళ్ళకెందుకని అడిగితే నియమం అన్నారు. నియమమైతే సరే. కానీ ఆ చొక్కా మెడ వెనక లేబుల్ని నాలుగు వైపులా నైలాన్ దారంతో కుట్టారు. దారం కొసలు ముళ్ళల్లే నిలబడి ఉన్నాయి. కాలరు నిలబడడానికి లోపల పెట్టే బక్రం గుడ్డ అట్టముక్కలా ఉంది. చంకల కింద కుట్టు లోపలివైపు తాడంత లావు. ఇది కుట్టినాయన్ని ఒకసారి చూడాలని ఉంది. కొట్టడానికి కాదు, ఆయనకి అసలు మెడ ఉందో లేదో చూద్దామని.

మీ ఫ్యాక్టరీలో కుట్టేది ఆస్పత్రి బట్టలే అయినా, ముప్ఫై ఏళ్ళుగా కటింగ్ మాస్టరువి కదా. లేబుల్ని నాలుగు వైపులా ఎందుకు కుడతారో చెప్పు. కారణం తెలిస్తే చికాకు కొంచెం తగ్గుతుందేమో.

నీ జడ్జి

*

యూనిఫారాల ఫ్యాక్టరీ, కటింగ్ బల్ల,
కత్తెర పక్కన పెట్టి

జడ్జి గారి సముఖానికి మేనమామ రాసుకునేది,

పద్నాలుగో నంబరు కథ నాలుగు మెషిన్ల వరసలకీ చదివి వినిపించాను. మా మేనకోడలు పన్నెండేళ్ళ పీడ మూడు రోజుల్లో వదిలించిందని చెప్పాను. నీ ఐదో ఏట తీర్పులు మొదలుపెట్టినప్పుడే జడ్జి అని పేరు పెట్టినవాణ్ణి, నేను పెట్టిన పేరు వృథా పోలేదు.

చొక్కా విషయం. ఏమోనమ్మా, ఆ మాస్టరెవరో గానీ పనితనం ఉన్నవాడే అనిపిస్తోంది. ఒకప్పుడు లేబులు రెండు వైపులే కుట్టేవాళ్ళం. ఓ ఆస్పత్రిలో అవి ఊడిపోయి సైజులన్నీ కలిసిపోయాయి. డాక్టరు చొక్కాలో వంటాయనా, వంటాయన చొక్కాలో డాక్టరూ దూరి, రోగులు ఎవరికి నాలుక చూపించాలో తెలియక తికమక పడ్డారు. అప్పట్నుంచి నాలుగు వైపులా, నైలాన్ దారం. చొక్కా చిరగాలి గానీ లేబులు ఊడకూడదు. రెండో గుండీ కింద అడ్డంగా వేసిన గట్టి కుట్టు, అదే టాకా, ఉందే, డ్రైవరు స్టీరింగు ఎంత తిప్పినా ముందు భాగం నోరు తెరవకుండా పట్టుకునేది అదే. అది అందరి చేతికీ రాదు. అలాంటి మాస్టరుని పట్టుకుని మెడ లేదంటావా?

కొత్త బట్టలు అంతేనమ్మా. నాలుగు ఉతుకులు పడితే దారికొస్తాయి. నువ్వు మనసు పని మీద పెట్టు, మెడ దానంతటదే ఊరుకుంటుంది. చిన్నప్పట్నుంచీ బట్టల దగ్గర నీది పేచీయే. ఇప్పుడు ఉద్యోగస్తురాలివి, కాస్త ఓర్చుకోవాలి.

అత్తయ్య నువ్వు సరిగా తింటున్నావా అని అడగమంది. అడిగాను.

మావయ్య

*

వేళల గది
ముప్ఫై ఒకటో రోజు

మావయ్యా,

తింటున్నాను.

పదకొండు సార్లు ఉతికాను. దారికి రాలేదు. నైలాన్ దారం ఉతికేకొద్దీ ఇంకా బిరుసెక్కుతోంది. లేబులు పీకేద్దామని చూస్తే చొక్కా చిరగడం మొదలైంది. ఆ మాస్టరు అనుకున్నట్టే జరిగింది.

మొదటి ఉత్తరంలో అంతా రాయలేదు. ఇప్పుడు రాస్తాను. నీ మొహం మీద ఈగ వాలిందనుకో. ఒకసారి తోలతావు, పోతుంది. పోకపోయినా కాసేపటికి మర్చిపోతావు. నాకు వాలిన ఈగ సాయంత్రం దాకా వాలే ఉంటుంది, ప్రతి నిమిషం అప్పుడే వాలినట్టుంటుంది. నాకు ఆటిజం అని డాక్టరమ్మ చెప్పిన రోజు నువ్వు పక్కనే ఉన్నావు. ఆవిడ చెప్పినవాటిలో ఇదీ ఉంది. అందరికీ తొడుక్కున్న కాసేపటికి ఒంటి మీద బట్టలున్నాయన్న సంగతే తెలియకుండా పోతుందట. నాకు అలా పోదు. మనసు పని మీద పెట్టమన్నావు. పెడుతున్నాను, మెడ దాన్ని లాగేసుకుంటోంది.

ఇరవై ఎనిమిదో రోజున తప్పు చేశాను. మూడో గేటులోకి ఒకే నిమిషానికి రెండు బస్సులు రాశాను. చిన్న పిల్లలు కూడా చెయ్యని తప్పు. రెండు బస్సులూ ముక్కూ ముక్కూ ఆనించుకుని నిలబడ్డాయి, వాటి వెనక ఇంకో తొమ్మిది. నలభై నిమిషాలు డిపో మొత్తం ఆగిపోయింది. జనం దిగి నడుచుకుంటూ వెళ్ళిపోవడం కిటికీలోంచి చూశాను. ఆ పట్టిక రాసేటప్పుడు నా చెయ్యి కాలరు కింద ఉంది.

ఆ రోజు నుంచి పొద్దున గేటు దాటగానే సామాన్ల గదిలోకి వెళ్ళి నా పాత నూలు చొక్కా వేసుకుంటున్నాను. నిన్న సూపరింటెండెంటు గారు చూశారు. కేకలెయ్యలేదు. ఎనభై ఎనిమిదో రోజున పై అధికారి తనిఖీకి వస్తారనీ, యూనిఫారం లేకుండా ఆయన ముందు నిలబడితే ఖాయం కాగితం మీద సంతకం పడదనీ చెప్పారు. పని బాగుంటే చాలదా అని అడిగాను. నియమం అన్నారు.

ఇంకో విషయం. లేబులు, కాలరు, చంకల కుట్టు గురించే నేను నీకు రాశాను. రెండో గుండీ కింద టాకా గురించి రాయలేదు. నా ఉత్తరం నకలు నా దగ్గరుంది, మూడుసార్లు చూశాను. ఆ టాకా సంగతి నీకెలా తెలుసు?

నీ జడ్జి

*

ఇల్లు, భోజనాల బల్ల

జడ్జి గారి ఎదుట ముద్దాయి హాజరు.

ఆ చొక్కా నాదేనమ్మా. రెండేళ్ళ కిందట మీ డిపో ఆర్డరు మా ఓనరమ్మ తెచ్చినప్పుడు నమూనా నేనే కత్తిరించాను. బక్రం నేనే ఎంచాను. నాలుగు వైపులా నైలాన్ దారం నా బుర్రలో పుట్టిందే. నీ మొదటి ఉత్తరం సగం చదవగానే పోల్చుకున్నాను. చెప్పడానికి సిగ్గేసి, ఎవరో పరాయి మాస్టరుని పొగిడినట్టు పొగిడాను. నన్ను నేను పొగుడుకోవడం ఆపుకోలేక దొరికిపోయాను. మెడ ఉందో లేదో చూస్తానన్నావు కదా, అద్దంలో చూసుకున్నాను, ఉంది.

ఇప్పుడు అసలు మాట. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు ఆ చొక్కాల్లోంచి ఒకటి తీసి పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వేసుకున్నాను. నీకు ఎలా ఉంటుందో తెలుసుకుందామని. నిజం చెబుతున్నా, నాకేమీ కాలేదు. భోంచేశాను, ఇద్దర్ని తిట్టాను, మధ్యాహ్నం చిన్న కునుకు కూడా తీశాను. సాయంత్రం అత్తయ్య ఎలా ఉందని అడిగితే, ఏముందీ, బాగానే ఉందన్నాను. అన్నాక నాకే భయమేసింది. ఇన్నేళ్ళూ నేను చేసింది ఇదే కదా. నా మెడకి తెలియలేదు కాబట్టి నీ మెడ అబద్ధమాడుతోందనుకున్నాను. నీ ఒంటి సంగతి నువ్వు చెబుతుంటే నేను నా ఒంటిని సాక్ష్యానికి పిలిచాను.

నీకు ఆరేళ్ళప్పుడు ఫొటో కోసం లేసుల ఫ్రాకు కుట్టాను, గుర్తుందా? స్టూడియోలో దాన్ని విప్పేసి స్టూలు కింద దూరావు. అందరూ నవ్వారు. నేను మాత్రం నా పనితనాన్ని నలుగురిలో అవమానించావని నెల రోజులు నీతో మాట్లాడలేదు. ఆరేళ్ళ పిల్లతో, ముప్ఫై దాటిన మనిషిని. క్షమించమని అడగడానికి ఇంతకాలం పట్టింది. ఇప్పుడు అడుగుతున్నాను.

నీ కొలతలు నా దగ్గరున్నాయి. ఆరు చొక్కాలు కుట్టి పంపుతున్నాను. లేబులుండదు, బక్రం ఉండదు. నా దగ్గరున్న గుడ్డల్లోకెల్లా మెత్తటిది తీశాను. నువ్వే చూస్తావుగా.

మావయ్య

*

వేళల గది
యాభై రెండో రోజు

మావయ్యా,

ఫ్రాకు గుర్తుంది. లేసు గుచ్చుకున్నది గుర్తుంది, స్టూలు కింద చల్లగా ఉన్నది గుర్తుంది. నువ్వు మాట్లాడకపోవడం కూడా గుర్తుంది, కానీ దానికీ ఫ్రాకుకీ సంబంధం ఉందని నాకు ఇప్పటిదాకా తెలియదు. నీకు పని ఎక్కువైందనుకున్నాను. క్షమించాను.

ఆరు చొక్కాలూ అందాయి. నీకు కోపం రాకుండా ఎలా రాయాలో ఆలోచించాను, దొరకలేదు. కోపం వస్తే వచ్చింది, రాసేస్తున్నాను.

మొదటి చొక్కా దాదాపు సరిపోయింది. రెండోదాని కాలరు మొదటిదానికన్నా కొంచెం కిందికుంది. మూడోదాని కఫ్ వెడల్పు. నాలుగోదానికి జేబు మారింది. ఐదోదానికి భుజం దగ్గర కొత్త మడత. ఆరోదైతే గుడ్డే వేరు. ఒకటి కుట్టగానే ఇంకా బాగా కుట్టొచ్చని నీకు తోచి ఉంటుంది, తర్వాతదాన్లో బాగుచేసి ఉంటావు. మావయ్యా, నాకు ఆరు మంచి చొక్కాలు వద్దు. ఒకే చొక్కా ఆరుసార్లు కావాలి. పొద్దున చెయ్యి దూర్చగానే ఇది నిన్నటిదే అని ఒంటికి తెలియాలి. అప్పుడే అది నన్ను పనికి వదులుతుంది.

ఇంకా ఉంది. వాటిని ఏదో పూల వాసన నీళ్ళలో నానబెట్టావు. ఆ వాసనకి నాకు తలనొప్పి వచ్చింది. తర్వాత గుడ్డ మరీ పల్చన. ఊరికే అటూ ఇటూ కదులుతూ తగులుతోంది. నాకు కాస్త బరువున్న నూలు గుడ్డ, ఒంటిని గట్టిగా పట్టుకుని కదలకుండా ఉండేది హాయిగా ఉంటుంది. ఆటిజం ఉన్న వాళ్ళందరూ ఇలాగే అనుకోకు. డాక్టరమ్మ దగ్గర పరిచయమైన ఒకావిడకి వదులుగా ఉంటే తప్ప ఊపిరాడదు. ఎవరిది వాళ్ళని అడగాల్సిందే. నువ్వు ఈసారి కూడా అడగలేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇది. మొదటి చొక్కా సూపరింటెండెంటు గారికి చూపించాను. గుడ్డ పట్టుకుని చూసి, మీ మావయ్య చెయ్యి బాగుంది గానీ ఇది మన చొక్కా కాదమ్మా అన్నారు. డిపో ఇచ్చినదే వేసుకోవాలట. ఇంకా ముప్ఫై ఆరు రోజుల్లో తనిఖీ. ఇవాళ మళ్ళీ ఆ ముళ్ళ చొక్కాలోనే ఉన్నాను. పన్నెండో నంబరు పట్టిక నాలుగుసార్లు చెరిపి రాశాను.

నీ జడ్జి

*

ఫ్యాక్టరీ, కటింగ్ బల్ల

జడ్జీ,

కోపం వచ్చింది. దాచను. ఐదో చొక్కా భుజం మడత కోసం మూడుసార్లు విప్పి కుట్టాను. ఉత్తరం బల్ల మీద పడేసి ఇంట్లో చిందులేశాను. అత్తయ్య అంతా విని, ఒకే ఒక్క మాట అంది. “ఆ చొక్కాలు ఆ పిల్లకి కుట్టారా, మీ ముచ్చటకి మీరు కుట్టుకున్నారా?” నేను వెళ్ళి మొహం కడుక్కున్నాను. వచ్చాక నవ్వొచ్చింది. పూల నీళ్ళ ఆలోచన ఆవిడదే, ఆ సంగతి మాత్రం ఆవిడ ఎత్తలేదు.

ఇప్పుడు విను. మీ డిపో నుంచి మూడు వందల చొక్కాల కొత్త ఆర్డరు నా బల్ల మీదే ఉంది. ఇంకా కత్తెర పడలేదు. వాటిలో కొన్ని నీ మెడకి సరిపోయేలా కత్తిరిస్తే, అవి డిపో ఇచ్చిన చొక్కాలే అవుతాయి కదా. ఎగిరి గంతేసి ఓనరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ బీరువాలోంచి సీలు వేసిన నమూనా చొక్కా తీసి నా ముందు పెట్టింది. డిపో వాళ్ళు ఒప్పుకుని సంతకం పెట్టిన నమూనా అది. దాన్లో ఒక్క కుట్టు మారాలన్నా డిపో నుంచి కాగితం రావాలంది. ఆవిడ తప్పు లేదు, ఆ సీలు వేయించమని పట్టుబట్టింది నేనే. నా గొయ్యి నేనే ఎంత చక్కగా తవ్వుకున్నానో చూడు.

ఎవరి కోసం మాస్టారూ ఇంత హడావిడి అని అడిగిందావిడ. మా మేనకోడలికి ఆటిజం అని చెప్పబోయి ఆగిపోయాను. అది చెప్పాల్సింది నేనా, నువ్వా? ఈసారి అడుగుతున్నాను చూశావా. నీ పేరు ఎత్తకుండా నేనే డిపోకి ఉత్తరం రాయనా? నీ పేరుతో రాయనా? లేదా నువ్వే చూసుకుంటావా? నువ్వు ఎలా అంటే అలా. వద్దంటే నోరెత్తను.

మావయ్య

*

వేళల గది
అరవై ఆరో రోజు

మావయ్యా,

అడిగినందుకు సంతోషం. నేనే చూసుకుంటానని ఆ రోజే అనుకున్నాను, కానీ ధైర్యం రావడానికి వారం పట్టింది.

ముందు లెక్క కావాలనిపించింది. నా ఒక్కదాని మెడ కోసం నియమం మార్చమంటే ఎవరూ మార్చరు. అందుకని మూడు రోజులు భోజనాల గది దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి డ్రైవర్నీ కండక్టర్నీ లేబులు ఉందా పీకేశారా అని అడిగాను. మొదట నన్ను వింతగా చూశారు. తర్వాత ఒక కండక్టరక్క కాలరు తిప్పి చూపించింది. బ్లేడుతో కోసేసి, చిరుగు పడిన చోట అతుకు వేసుకుంది. ఇంకొకాయన రెండేళ్ళుగా మెడ కింద చేతిరుమాలు పెట్టుకుంటున్నాడట, అది స్టైలు కోసమని అందరూ అనుకున్నారట. నూట నలభై మందిలో అరవై ఒక్కరు లేబులు కోసేశారు. అరవై ఒక్క చొక్కాలు చిరిగాయి. ఒక్కరూ ఎవరికీ చెప్పలేదు. ఇంత చిన్న విషయానికి ఏం చెబుతాంలే అనుకున్నారట.

ఆ లెక్కంతా కాగితం మీద రాసి తీసుకెళ్ళి సూపరింటెండెంటు గారి ముందు పెట్టాను. ఆయన చదివి, మిగిలిన డెబ్బై తొమ్మిది మందికీ బాగానే ఉంది కదా అన్నారు. తనకైతే కాలరు బిగుతుగా ఉంటేనే డ్యూటీలో ఉన్నట్టుంటుందని కూడా అన్నారు. మీ కాలరు మీకు ఉండనివ్వండి సార్, అడిగినవాళ్ళకి రెండో రకం ఇవ్వండి అన్నాను. అప్పుడు చెప్పాను. నాకు ఆటిజం ఉందనీ, మూడో గేటు తప్పు ఎలా జరిగిందో కూడా. చెబుతున్నంతసేపూ గోడ మీది పట్టీలనే చూశాను, ఆయన మొహం చూడలేదు.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత, “ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?” అన్నారు.

“మీరు అడగలేదు సార్. నియమం అన్నారు.”

“ఇప్పుడు అడుగుతున్నా. నీకేం కావాలి?”

మావయ్యా, ఇంతవరకూ నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. ఏమైంది అని అడుగుతారు, ఎందుకలా చేస్తావు అని అడుగుతారు. ఏం కావాలని అడిగితే పెన్ను తీశాను. కాగితం మీద రాసిచ్చాను. లేబులు కుట్టకుండా సైజు గుడ్డ మీదే ముద్ర వేయాలి. దారం నూలుది కావాలి. కుట్లు లోపలివైపు చదునుగా ఉండాలి. కాలరు మెత్తగా ఉండాలి. నాకిచ్చేవన్నీ ఒకేలా ఉండాలి. యూనిఫారం ఎప్పుడైనా మారిస్తే రెండు వారాల ముందే ఒకటి నా చేతికివ్వాలి, ఇంట్లో వేసుకుని అలవాటు చేసుకుంటాను. ఇవేవీ కుదరని రోజున నా నూలు చొక్కా వేసుకోనివ్వాలి, నేను పని మానేశానని అనుకోకూడదు.

ఆయన దాన్ని రెండుసార్లు చదివి, ఎరుపు సిరాతో ఒక అక్షరదోషం దిద్ది, కింద సంతకం చేశారు. ఆ మూడు వందల చొక్కాల్లో ఒక డెబ్బైని ఈ రెండో రకంగా కుట్టమని మీ ఓనరమ్మకి కాగితం ఇవాళే పంపారు. ఇక పై అధికారి ఏమంటారో తనిఖీ రోజు దాకా తెలియదని కూడా చెప్పారు. సంతకం ఆయన చేతిలోనే ఉంది. నాకు భయంగా ఉంది. ఇరవై రెండు రోజులే ఉన్నాయి.

నీ జడ్జి

*

ఫ్యాక్టరీ, మెషిన్ల రొదలో

జడ్జీ,

కాగితం అందింది. ఓనరమ్మ చదివి, ఈ అరవై ఒక్క చొక్కాలు చింపించిన ఘనుడెవరని అడిగింది. చెయ్యెత్తాను. చెయ్యెత్తినవాడే కుట్టాలంది.

డెబ్బై చొక్కాలకీ గుడ్డ నేనే కత్తిరించాను. బరువైన నూలు గుడ్డ, ఒకే తానులోంచి. ముందు ఒకటి కుట్టి, మా ఫ్యాక్టరీలో ఆడవాళ్ళందరికీ ఇచ్చి, లోపలివైపు వేళ్ళతో తడిమి ఎక్కడ తగిలితే అక్కడ చెప్పమన్నాను. పద్దెనిమిది మంది తడిమారు. కాజాల మెషిన్ దగ్గర కూర్చునే పెద్దావిడ, ఏమయ్యా మాస్టరూ, ముప్ఫై ఏళ్ళలో మమ్మల్ని ఒక్కసారైనా బట్ట లోపలివైపు చూడమన్నావా అంది. లేదమ్మా, ఎప్పుడూ పైవైపే చూసుకున్నామని ఒప్పుకున్నాను. ఆవిడ చెప్పిన చోట చంక కుట్టు ఇంకోసారి చదును చేశాను.

నీవి ఆరు విడిగా పంపుతున్నాను. మామూలు నీళ్ళలో పన్నెండుసార్లు ఉతికించాను, వాసన లేదు. ఆరూ ఒకటే. నాలుగోది కుడుతుంటే కఫ్ కొంచెం సన్నం చేస్తే ఎంత ముద్దుగా ఉంటుందో అనిపించింది. చేతులు లాగాయి. లేచి వెళ్ళి టీ తాగి వచ్చి, మూడోదాని పక్కన పెట్టుకుని అచ్చం అలాగే కుట్టాను. నా ఉద్యోగంలో ఇంత కష్టపడ్డ రోజు ఇంకోటి లేదు, నవ్వకు.

నీకు సరిపోకపోతే సరిపోలేదని రాయి. మళ్ళీ కుడతాను. ఆ తర్వాతా సరిపోకపోతే ఆ తర్వాతా కుడతాను. సంతకం పడినా పడకపోయినా నీ మెడకి ఒక చొక్కా బాకీ ఉన్నాను.

మావయ్య

*

నా గది, కిటికీ పక్కన
ఎనభై ఎనిమిదో రోజు, సాయంత్రం

మావయ్యా,

ఆరూ ఒకటే. టేపు పెట్టి కొలిచాను.

తనిఖీ అయింది. వరసగా రాస్తాను. పై అధికారి పదిన్నరకి వస్తారన్నారు, పది యాభైకి వచ్చారు. పద్నాలుగో నంబరులో వచ్చుంటే సమయానికే వచ్చేవారని సూపరింటెండెంటు గారు నా చెవిలో అన్నారు. ఆయన జోకు వేయడం అదే మొదటిసారి, నాకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అధికారి గోడ మీది పట్టీలన్నీ చూశారు. మూడో గేటు సంగతి అడిగారు. నా తప్పేనని చెప్పి, అలాంటిది మళ్ళీ జరగకుండా గేటుకొక రంగు చొప్పున గీతలు గీసిన కొత్త పట్టిక చూపించాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఒక్కో గీత మీద వేలు పెట్టి అడుగుతూ పోయారు, నేను చెబుతూ పోయాను. పన్నెండో నంబరునీ ముప్ఫయ్యో నంబరునీ ఒకే బస్సుతో మార్చి మార్చి నడిపితే ఒక బస్సు మిగులుతుందని ఆయన అడుగుతుండగానే నాకు తట్టింది. అక్కడికక్కడే గీసి చూపించాను. ఇద్దరం నిలబడి, కూర్చుని, మళ్ళీ నిలబడి గీశాం. సూపరింటెండెంటు గారు మూడుసార్లు టీ తెప్పించారు, మూడూ చల్లారిపోయాయి.

మధ్యాహ్నం దాటాక ఆయన లేచి, కాగితం తీసుకుని సంతకం పెట్టారు. ఖాయం అయింది మావయ్యా. నాకు ఉద్యోగం ఉంది. యూనిఫారం గురించి ఆయన ఒక్క మాటా ఎత్తలేదు. ఒంటి మీద డిపో చొక్కా ఉంది, ఇంక అడగడానికేముంది.

తర్వాత కండక్టరక్కతో కలిసి నడుచుకుంటూ ఇంటికి వచ్చాను. ఆవిడా కొత్త రకం చొక్కాయే తీసుకుంది. దారంతా పన్నెండో నంబరు గురించే మాట్లాడాను, పాపం ఓపిగ్గా విన్నది. ఇంటికొచ్చి దీపం వేశాను, అన్నం వండుకున్నాను, తిన్నాను, గిన్నెలు కడిగాను. నీకు ఉత్తరం రాద్దామని కూర్చుని పెన్ను కోసం జేబులో చెయ్యి పెట్టాను. అది ఖాకీ జేబు. ఇంకా యూనిఫారంలోనే ఉన్నాను. మార్చుకోవడం మర్చిపోయాను.

నీ జడ్జి